నాయకుణ్ణి మార్చితే పార్టీ రాత మారుతుందా?

ఎన్నికలలో ఓడిన పార్టీకి రెండు దుఃఖాలు. ఒకటి ఓడిపోవడం. రెండవది, ఓటమికి కారకుడెవరో తేల్చుకోవలసి రావడం. మొదటి దుఃఖం ఓట్ల లెక్కింపు నాటితో ముగుస్తుంది. రెండవది ఏళ్ళ తరబడి సాగుతుంది. దానిని త్వరగా ముగించడానికి పార్టీలు సాధారణంగా ఎంచుకునే మార్గం ఒక్కటే: నాయకుణ్ణి మార్చడం.

ఈ మార్గం ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకొనుటకు ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని నిమ్‌పురా వంటి అనువైన చోటు మరొకటి ఉండదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది పుట్టిల్లు వంటిది. అక్కడివారికి ఓటు పశ్చిమ బెంగాల్‌లో, బంధుత్వం ఆంధ్రదేశంలో. అందుచేత రెండు రాష్ట్రాల రాజకీయాలూ వారికి ఇంటి విషయాలే. నాయకులను మార్చిన పార్టీలను, మార్చని పార్టీలను, మార్చి చెడిన వాటిని, మార్చి బాగుపడిన వాటిని వారు రెండు వైపులా చూచారు.

పట్టణం చూచిన మార్పు

ఖరగ్‌పూర్‌లో కాంగ్రెసు పార్టీ అంటే జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్. పట్టణమంతా ఆయనను ‘చాచా’ అని పిలిచేది. శాసనసభకు పది పర్యాయాలు ఎన్నికైన ఆయన, రాష్ట్రంలో వామపక్షాలు తిరుగులేకుండా ఏలిన కాలంలో కూడా తన స్థానాన్ని నిలుపుకున్నారు. రాష్ట్రంలో కాంగ్రెసు క్షీణించినా ఆ పట్టణంలో క్షీణించలేదు. కాని ఆ బలం పార్టీది కాదు, మనిషిది. 2016లో తొంభై ఏళ్ళు పైబడిన వయస్సులో ఆయన భారతీయ జనతా పార్టీ అభ్యర్థి దిలీప్ ఘోష్ చేతిలో ఓడిపోయారు. 2017లో కన్నుమూశారు. అంతటితో ఆ పట్టణంలో కాంగ్రెసు వైభవం కూడా ముగిసింది. సమయానికి వారసుణ్ణి తయారుచేసుకోని పార్టీకి నాయకుణ్ణి మార్చాలా వద్దా అన్న ప్రశ్న వేసుకునే అవకాశం కూడా మిగలదు. ఆ ప్రశ్నకు కాలమే సమాధానం చెప్పివేస్తుంది.

ఆయనను ఓడించిన దిలీప్ ఘోష్ 2015 డిసెంబరులో తన పార్టీకి రాష్ట్రాధ్యక్షుడైనారు. 2016 శాసనసభలో ఆ పార్టీకి దక్కినవి మూడు స్థానాలు. 2019 లోక్‌సభ ఎన్నికలలో 42 స్థానాలకు గాను 18 గెలిచింది. ఘోష్ స్వయంగా మేదినీపూర్ నుండి గెలిచారు. ఆయన విడిచిన ఖరగ్‌పూర్ సదర్ స్థానాన్ని అదే ఏడాది నవంబరులో జరిగిన ఉపఎన్నికలో తృణమూల్ కాంగ్రెసు చేజిక్కించుకున్నది. 2021 శాసనసభ ఎన్నికలలో అధికారమే తమదని నమ్మిన పార్టీకి 77 స్థానాలు వచ్చాయి. మూడు నుండి 77కు పెరగడం ఒక లెక్కన ఘన విజయం. ఆశించిన దానితో పోల్చితే పరాజయం. పార్టీ రెండవ లెక్కనే లెక్కలోకి తీసుకున్నది. 2021 సెప్టెంబరులో ఘోష్‌కు జాతీయ ఉపాధ్యక్ష పదవి ఇచ్చి, రాష్ట్రాధ్యక్ష స్థానంలో సుకాంత మజుందార్‌ను నియమించారు.

ఫలితమేమి? 2024 లోక్‌సభ ఎన్నికలలో ఆ పార్టీ స్థానాలు 18 నుండి 12కు తగ్గాయి. ఘోష్‌ను ఆయన గెలిచిన మేదినీపూర్ నుండి కదిలించి బర్ధమాన్-దుర్గాపూర్‌కు పంపారు. అంతకుముందు పార్టీ చేతిలో ఉన్న ఆ రెండు స్థానాలూ పోయాయి. ఈ నష్టమంతా నాయకత్వ మార్పు వలననే వచ్చిందనడం న్యాయం కాదు. రాష్ట్ర ప్రభుత్వ సంక్షేమ పథకాలు, ప్రత్యర్థి పార్టీ నిర్మాణ బలం, అభ్యర్థుల ఎంపిక, ఇవన్నీ అందులో పాలుపంచుకున్నాయి. కాని ఒక్క మాట నిజం. మార్పు వలన రావలసిన లాభం రాలేదు.

వామపక్షం కథ ఇంకా స్పష్టం. 2011లో అధికారం కోల్పోయిన తరువాత మార్క్సిస్టు పార్టీ 2015లో రాష్ట్ర కార్యదర్శిని మార్చింది. కొత్త కార్యదర్శి సూర్యకాంత మిశ్రా 2016లో ఖరగ్‌పూర్‌కు సమీపంలోని నారాయణగఢ్‌లో తామే ఓడిపోయారు. అప్పుడు పార్టీకి దక్కినవి 26 స్థానాలు. 2021లో ఒక్కటి కూడా దక్కలేదు. గ్రామంలో శాఖ చెదిరిపోయి, కార్మికుడు, కౌలురైతు దూరమైన పార్టీకి కార్యాలయంలో కుర్చీ మారినంత మాత్రాన ఒరిగేదేమీ ఉండదు.

మార్చి చెడిన మేదినీపూర్ కాంగ్రెసు

ఇదే మేదినీపూర్ గడ్డ అంతకు యాభై ఏళ్ళ ముందు ఇంకొక పాఠం నేర్పింది. తామ్లూక్‌కు చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు అజయ్ ముఖర్జీ పశ్చిమ బెంగాల్ కాంగ్రెసు అధ్యక్షులుగా ఉండేవారు. ఆహార ధాన్యాల కొరతతో రాష్ట్రం అట్టుడికిన 1966లో, పార్టీని నడిపే పెద్దలతో పొసగక ఆయన ఆ పదవి నుండి తొలగింపబడ్డారు. ఆయన ఊరకుండలేదు. బంగ్లా కాంగ్రెసు అనే కొత్త పార్టీని స్థాపించారు. 1967 ఎన్నికలలో ఆరామ్‌బాగ్‌లో సాక్షాత్తు ముఖ్యమంత్రి ప్రఫుల్ల చంద్ర సేన్‌ను ఓడించారు. కాంగ్రెసు 280 స్థానాలకు గాను 127తో ఆగిపోయింది. అజయ్ ముఖర్జీ ఐక్య సంఘటన ప్రభుత్వానికి ముఖ్యమంత్రి అయినారు. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుండి రాష్ట్రాన్ని ఏలుతున్న పార్టీ, తాను గెంటివేసిన మనిషి చేతిలోనే అధికారం పోగొట్టుకున్నది.

నాయకుణ్ణి తొలగించడం సులభం. తొలగింపబడిన నాయకుడు ఎక్కడికి వెళ్తాడు, ఎవరిని వెంట తీసుకొని వెళ్తాడు అని ముందుగా ఆలోచించడం కష్టం. ఏరు దాటి తెప్ప తగలేసేవారు ఆ ఏరు మళ్ళీ దాటవలసి వస్తుందని మరచిపోతారు.

ఇద్దరు తెలుగువారు, ఒక పార్టీ చీలిక

మూడేళ్ళు తిరగకముందే అదే తప్పు జాతీయ స్థాయిలో జరిగింది. అందులో ప్రధాన పాత్రధారులలో ఇద్దరు తెలుగువారు కావడం, వారిలో ఒకరికి ఖరగ్‌పూర్‌తో గాఢమైన సంబంధం ఉండడం విశేషం. బరంపురంలో జన్మించిన వరాహగిరి వేంకటగిరి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకులుగా తమ ప్రజాజీవితంలో ముఖ్య ఘట్టాలను గడిపారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు చేసిన సమ్మెల కాలం ఆ సంఘపు చరిత్రలో మరువరానిది.

1967 ఎన్నికలలో కాంగ్రెసు పలు రాష్ట్రాలలో అధికారం పోగొట్టుకొని, లోక్‌సభలో 520 స్థానాలకు గాను 283తో బొటాబొటిగా నెగ్గింది. ప్రధాని ఇందిరాగాంధీ పార్టీకి భారమని ‘సిండికేటు’ పెద్దలు భావించసాగారు. 1969 మేలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించగా, పార్టీ పెద్దలు ప్రధాని ఇష్టానికి విరుద్ధంగా నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించారు. ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసి గిరి స్వతంత్రంగా నిలిచారు. అంతరాత్మ ప్రకారం ఓటు వేయవచ్చునన్నది ప్రధాని పక్షం. రెండవ ప్రాధాన్య ఓట్ల లెక్కింపు దాకా వెళ్ళిన ఆ పోటీలో గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓట్ల విలువ లభించింది.

ఆ ఏడాది నవంబరు 12న కాంగ్రెసు అధ్యక్షులు నిజలింగప్ప ప్రధానిని పార్టీ నుండి బహిష్కరించారు. కాగితం మీద పార్టీ సిండికేటుది. కాని పార్లమెంటు సభ్యులలో అత్యధికులు ప్రధాని వెంట నడిచారు. 1971 ఎన్నికలలో ఆమె కాంగ్రెసుకు 352 స్థానాలు, బహిష్కరించిన వారి కాంగ్రెసుకు 16 స్థానాలు దక్కాయి. పార్టీ ముద్ర ఎవరి చేతిలో ఉన్నది అన్నది ఒక ప్రశ్న. పార్టీ ఎవరిని నాయకునిగా అంగీకరించింది అన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ ఒకటిగా భ్రమించినవారు అక్కడ పూర్తిగా నష్టపోయారు.

ఐదేళ్ళలో నలుగురు

ఇక ఆంధ్రప్రదేశ్ సంగతి. 1978లో ఇందిరా కాంగ్రెసు శాసనసభలో 294 స్థానాలకు గాను 175 గెలిచింది. అట్టి ఆధిక్యం ఉన్న పార్టీ తరువాతి ఐదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులను చూచింది. 1980 అక్టోబరులో మర్రి చెన్నారెడ్డి వెళ్ళి టంగుటూరి అంజయ్య వచ్చారు. 1982 ఫిబ్రవరిలో అంజయ్య స్థానంలో భవనం వెంకట్రామ్, సెప్టెంబరులో ఆయన స్థానంలో కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. ప్రతి మార్పునకు నిర్ణయం ఢిల్లీలో జరిగింది. హైదరాబాదులోని శాసనసభ్యులు దానికి తలలూపారు.

1982 మార్చి 29న నందమూరి తారక రామారావు తెలుగుదేశం పార్టీని స్థాపించారు. నాయకులను ఢిల్లీ మార్చుతున్న తీరునే ఆయన తెలుగువారి ఆత్మగౌరవ సమస్యగా ప్రజల ముందు నిలిపారు. 1983 జనవరిలో కాంగ్రెసుకు మిగిలినవి 60 స్థానాలు. ప్రజల అసంతృప్తిని తగ్గించుటకు వాడిన మందే ప్రజల కోపానికి కారణమైంది.

ఆ పార్టీ దీని నుండి పాఠం నేర్చుకున్నదా అంటే, లేదు. 1989లో 181 స్థానాలతో అధికారానికి తిరిగి వచ్చి, ఐదేళ్ళలో మళ్ళీ ముగ్గురిని మార్చింది. చెన్నారెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి, విజయభాస్కరరెడ్డి. 1994లో కాంగ్రెసు 26 స్థానాలకు పడిపోయింది.

ఇదే కాలంలో ప్రత్యర్థి పార్టీ ఏమి చేసిందో చూడవలెను. 1989లో తెలుగుదేశం 74 స్థానాలకు తగ్గింది. రామారావు తామే కల్వకుర్తిలో ఓడిపోయారు. అయినా పార్టీ ఆయనను మార్చలేదు. 1994లో ఆయన నాయకత్వంలోనే 216 స్థానాలు గెలిచింది. కాని కథ అక్కడ ఆగలేదు. ఏడాది తిరగకముందే, 1995 ఆగస్టులో, ఓటమిలో ఆయనను అంటిపెట్టుకున్న పార్టీయే గెలుపులో ఆయనను తొలగించింది. శాసనసభ్యులలో అధికులు నారా చంద్రబాబునాయుడు పక్షాన చేరగా, సెప్టెంబరు 1న ఆయన ముఖ్యమంత్రి అయినారు. 1996 జనవరిలో రామారావు మరణించారు. 1999లో 180 స్థానాలతో ఆ పార్టీ తిరిగి గెలిచింది. ఆనాటి మార్పు ధర్మమా కాదా అన్న తర్కం తెలుగు ఇండ్లలో నేటికీ తెగలేదు. ఎన్నికల ఫలితం రాజకీయ ప్రశ్నకు జవాబు చెప్పగలదు. నీతి ప్రశ్నకు చెప్పలేదు.

ఆ చంద్రబాబునాయుడినే పార్టీ 2004, 2009 ఓటముల తరువాత కూడా మార్చలేదు. 2014లో విభజిత ఆంధ్రప్రదేశ్‌లో గెలిచింది. 2019లో 175 స్థానాలకు గాను 23కు కుంగిపోయి, జనసేన, భారతీయ జనతా పార్టీలతో పొత్తు కుదుర్చుకొని 2024లో తాను ఒక్కటే 135 గెలిచింది. అయితే నాయకుణ్ణి మార్చకపోవడమే గెలుపు రహస్యమని దీని నుండి తీర్మానించరాదు. ఆ ఐదేళ్ళలో పార్టీ కూర్చుని వేచి ఉండలేదు. పొత్తులు మార్చింది, వాగ్దానాలు మార్చింది, జిల్లాలలో మనుషులను మార్చింది. మారనిది ఒక్క నాయకుడు మాత్రమే.

ఒకే రాష్ట్రంలో రెండు మార్పులు

మార్పు ఫలించిన సందర్భం లేదా? ఉన్నది. తెలంగాణలో 2018 ఎన్నికలలో కాంగ్రెసుకు 119లో 19 స్థానాలు వచ్చాయి. మరుసటి ఏడాది వారిలో పన్నెండుగురు అధికార పక్షంలో కలిసిపోయారు. 2020 డిసెంబరులో హైదరాబాదు నగరపాలక ఎన్నికలలో రెండే రెండు స్థానాలు దక్కగా, అధ్యక్షులు ఉత్తమ్‌కుమార్‌రెడ్డి రాజీనామా చేశారు. 2021 జూన్‌లో అనుముల రేవంత్‌రెడ్డిని నియమించారు. ఆయన 2017లోనే తెలుగుదేశం నుండి వచ్చినవారు కావడం పాత కాంగ్రెసువారికి కంటగింపు అయింది.

వెంటనే అద్భుతమేమీ జరగలేదు. 2021 నవంబరులో హుజూరాబాద్ ఉపఎన్నికలో, 2022 నవంబరులో మునుగోడులో పార్టీకి డిపాజిట్టు కూడా దక్కలేదు. ఆ దినాలలో రేవంత్‌రెడ్డిని కూడా మార్చవలెనన్న గొంతులు లేచాయి. మార్చలేదు. రాహుల్ గాంధీ పాదయాత్ర, భట్టి విక్రమార్క పాదయాత్ర, 2023 మేలో పొరుగున కర్ణాటకలో గెలుపు, పదేళ్ళ పాలనపై ప్రజలలో పేరుకున్న విసుగు, ఇవన్నీ కలిసివచ్చాయి. 2023 డిసెంబరులో పార్టీ 64 స్థానాలతో అధికారానికి వచ్చింది.

అదే రాష్ట్రంలో భారతీయ జనతా పార్టీ ఇందుకు భిన్నంగా నడిచింది. బండి సంజయ్ అధ్యక్షతన హైదరాబాదు నగరపాలక సంస్థలో 48 స్థానాలు గెలిచి, కార్యకర్తలలో ఉత్సాహం నింపుకున్నది. 2023 జూలైలో, అనగా ఎన్నికలకు ఐదు మాసాల ముందు, ఆయన స్థానంలో కిషన్‌రెడ్డిని నియమించింది. డిసెంబరులో ఎనిమిది స్థానాలు వచ్చాయి. 2018 నాటి ఒక్క స్థానంతో పోల్చితే అది వృద్ధే. కాని ప్రధాన ప్రత్యర్థి తానేనన్న స్థానం మాత్రం కాంగ్రెసుకు పోయింది.

ఈ రెండు మార్పులకు గల భేదం వ్యక్తులలో లేదు, సమయంలో ఉన్నది. మొదటి మార్పునకు రెండున్నర ఏళ్ళ వ్యవధి దొరికింది. కొత్త నాయకుడు ఓడిపోయి నేర్చుకొనుటకు, అలిగినవారిని బుజ్జగించుటకు, ఊళ్ళు తిరుగుటకు అది చాలినది. రెండవ దానికి ఐదు నెలలు మాత్రమే.

అయితే సమయానికి కూడా మినహాయింపు ఉన్నది. ఆస్ట్రేలియాలో 1983 ఫిబ్రవరి 3న లేబర్ పార్టీ బిల్ హేడెన్ స్థానంలో బాబ్ హాక్‌ను తెచ్చింది. అదే దినాన ప్రధాని ఫ్రేజర్ ఎన్నికలు ప్రకటించారు. నెల తిరిగేసరికి హాక్ గెలిచారు. కారణం, హాక్ అప్పటికే దేశమంతా ఎరిగిన కార్మిక నాయకుడు. ఆయనను ప్రజలకు పరిచయం చేయవలసిన పని పార్టీకి లేదు. బ్రిటనులో 1990 నవంబరులో మార్గరెట్ థాచర్‌ను దింపి జాన్ మేజర్‌ను తెచ్చిన కన్సర్వేటివ్ పార్టీ 1992లో గెలిచింది. నాయకుణ్ణే కాక, జనం ద్వేషించిన తలపన్నును కూడా అది వదులుకున్నది. అదే పార్టీ 2022లో ఒక్క ఏడాదిలో ముగ్గురు ప్రధానులను చూపించింది. 2024లో 121 స్థానాలకు పడిపోయింది. ఒక్క మార్పు మందు. వరుస మార్పులు రోగలక్షణం.

వేసుకోవలసిన ప్రశ్నలు

ఇన్ని ఉదాహరణల నుండి తేలే సారం చిన్నదే. కష్టకాలంలో ఉన్న పార్టీ నాయకుణ్ణి మార్చే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవలెను.

మొదటిది: ప్రజలు తిరస్కరించినది మనిషినా, మార్గాన్నా? మార్గమే తప్పయితే మనిషిని మార్చడం ఆడలేక మద్దెల ఓడన్నట్లే అవుతుంది. బెంగాల్ వామపక్షం ఇందుకు నిదర్శనం.

రెండవది: రాబోయే మనిషి ఎవరు? పోవలసినవారి పేరు చెప్పుటకు అందరూ సిద్ధమే. రావలసినవారి పేరు దగ్గర గొంతులు చీలిపోతాయి. పేరు మీద ఏకీభావం లేని మార్పు కొత్త కలహానికి ప్రారంభం మాత్రమే.

మూడవది: ఆ మనిషికి సమయం ఇవ్వగలరా? రెండు ఉపఎన్నికలలో డిపాజిట్టు పోయినా ఓర్చుకోగల పార్టీకే మార్పు ఫలిస్తుంది.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది: మార్చేవారు ఎవరు? భారతదేశంలో ఈ ప్రశ్నను పార్టీలు వీలైనంతవరకు తప్పించుకుంటాయి. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం సంతలో సరకువలె సభ్యులు అమ్ముడుపోకుండా ఆపుటకు ఉద్దేశింపబడింది. కాని పార్టీ ఆదేశానికి విరుద్ధంగా సభలో ఓటు వేసిన సభ్యుని సభ్యత్వమే పోతుంది కనుక, నాయకునికి ఎదురు చెప్పే ధైర్యం కూడా దానితో సన్నగిల్లింది. పార్టీ లోపల నాయకుణ్ణి ఎన్నుకొనే పద్ధతి బలంగా ఉంటే ఈ నష్టం పూడేది. అది అరుదు. 2022 అక్టోబరులో కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీ జరిగి, మల్లికార్జున ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 ఓట్లు రావడం ఒక విశేష వార్త కావడమే ఆ అరుదుతనానికి సాక్ష్యం.

ఈ విషయంలో రైల్వే కార్మికుడు రాజకీయ కార్యకర్త కంటె అదృష్టవంతుడు. ఏ సంఘానికి గుర్తింపు ఉండవలెనో రైల్వే ఉద్యోగులు రహస్య ఓటింగు ద్వారా నిర్ణయిస్తారు. 2024 డిసెంబరులో కూడా అట్టి ఓటింగు జరిగింది. తన సంఘం పనితీరు నచ్చని గ్యాంగుమన్‌కు ఓటు చీటీ ఉన్నది. తన పార్టీ నాయకుడు నచ్చని కార్యకర్తకు చాలాచోట్ల మౌనమో, పార్టీ ఫిరాయింపో తప్ప మూడవ దారి లేదు. జెండా మోసినవానికి నాయకుని ఎన్నికలో మాట లేనప్పుడు, నాయకుడు మారినా వానికి కలిగే తేడా గోడ మీది బొమ్మలో తప్ప మరెక్కడా కనిపించదు.

నిమ్‌పురాలో పెద్ద యార్డు ఉన్నది. అక్కడ పనిచేసినవారికి ఇంజను మార్చడమంటే ఏమో ఎవరూ చెప్పనక్కరలేదు. వారు స్వగ్రామాలకు వెళ్ళే దారిలో విశాఖపట్నం స్టేషనులో అనేక రైళ్ళకు ఇంజను ఒక కొస నుండి తీసి రెండవ కొసకు తగిలిస్తారు. కొత్తవారు రైలు వెనుకకు పోతున్నదని కంగారు పడతారు. తెలిసినవారికి తెలుసు, గమ్యం అదే. ఇంజను మార్చే ముందు యార్డువారు పెట్టెల బ్రేకులు సరిచూస్తారు, పట్టాలు ఎటు వేసి ఉన్నవో చూస్తారు, లంకె బిగిసినదో లేదో చూస్తారు. ఇవేవీ చూడకుండా ఇంజను మీద ఇంజను మార్చేవారిని ఏ రైల్వే పనిలో ఉంచుకోదు. పార్టీలు మాత్రం అట్టివారినే పరిశీలకులుగా పంపుతుంటాయి.